బుట్ట దించి

బరంపురం డాక్టరు గొంతులోకి అద్దం పెట్టి చూసి
రెండు గింజలున్నాయన్నాడు.
నూకలంతేనట. ఎదురెదురుగా,
మాటలు మానేసిన తోడికోడళ్లలా.
"ఇరవై ఒక్క రోజులు నోరు విప్పకండి."
ఫీజిచ్చి, దండం పెట్టి,
నోరు విప్పకుండానే వచ్చేశాను.

పర్లాకిమిడి తెలుగు బడిలో పదకొండేళ్లుగా
సంగీతం టీచర్ని.
ఫ్యాను చప్పుడు మీంచి, పక్క గది ఎక్కాల మీంచి,
గునుపురం బండి కూత మీంచి
సరళీ స్వరాలు విసిరినదాన్ని.
ఇప్పుడు మెడలో పలక.
పాలవాడికి "అర లీటరు" అని తెలుగులో రాసి చూపిస్తే
అతను ఒడియాలో నవ్వాడు.

మాట మానేస్తే చెవులు పెరుగుతాయి.
నాలుగో రోజు మొదటిసారి విన్నాను,
పదకొండేళ్లుగా వినబడుతున్న కేకని.
"సుఖువా... ఎండు నెత్తళ్లో..."

అసిరమ్మ. వయసడిగితే తుపాన్లతో లెక్క చెప్తుంది.
పాతపట్నం నుంచి మహేంద్రతనయ దాటి,
సరిహద్దు దాటి వస్తుంది.
ఒడియా మాట పై షడ్జంలో మొదలై,
తెలుగు మాట పంచమం మీదికి దిగి
అక్కడ కాసేపు కూర్చుంటుంది.
నలభై ఏళ్ల కేక. ఒక్క జీర లేదు.

పలక మీద రాశాను: గొంతెలా కాపాడుకున్నావు?
ఆమెకి చదువు రాదు.
ఎదురింటి ఢిల్లేసుగాడు కూడబలుక్కుని చదివిపెట్టాడు,
రెండు బిస్కెట్లకి.

"కాపాడ్డవేటమ్మా? గొంతేటి, కోడిపిల్లా?"

నవ్వి, బుట్ట దించి, అరుగు మీద కూర్చుని అంది.
"బుట్ట నెత్తిమీదుండగా నానెప్పుడూ అరవను.
మెడ మోస్తన్నప్పుడు గొంతు మొయ్యదు.
దించాల. ఊపిరి పొట్టలోకి పోనియ్యాల.
అప్పుడు పిలవాల.
ఈది మజ్జిన అరిస్తే మన సత్తువ పోతాది.
మలుపుకాడ నిలబడి గోడకి సెప్తే
గోడే అరుస్తాది."

ఇంకా చాలా చెప్పింది, వరసలో కాదు,
మధ్యలో ఒక బేరం, ఒక కుక్కని అదిలించడం.
నడుముకి నీళ్ల సీసా; దాహం వెయ్యకముందే ఒక గుక్క.
ఐసు సోడాలు అల్లుడికి వదిలేసింది.
గరగరలాడితే సకిలించదు, మింగేస్తుంది.
"గోకితే దద్దురు తగ్గుతాదా?"
రాత్రి తిండి పెందలాడే;
పులుసు తిని వెంటనే పడుకుంటే
అదొచ్చి గొంతులో పీటేసుకుంటుందట.
పొద్దుగూకాక ఎవరితోనూ తగువు లేదు,
తగువులన్నీ తెల్లారి బేరాల్లో కలిపేస్తుంది.
జలుబు చేసిన రోజు కేకే ఉండదు.
బుట్ట అంచుకి సైకిలు గంట కట్టింది, దానికోసం.

ఉండబట్టలేక గుసగుసగా "నిజమా" అన్నాను.
నా నోటిమీద వేలు పెట్టింది. ఎండుచేప వాసన.
"గుసగుస మరీ సెడ్డది తల్లీ,
పొడి ఇసకతో గిన్ని తోమినట్టు."

ఇరవై రెండో రోజు.
నల్లబల్ల మీద పోయిన నెల తేదీ.
పదకొండు మంది పిల్లల్లో తొమ్మిది మందే;
ఇద్దరు ఒడియా బడికి మారిపోయారు.
భుజాన సంచి: కాపీలు, గొడుగు, టిఫిను డబ్బా,
ఇంటిదారిలో కొన్న కిలో ఉల్లిపాయలు.
అలవాటుగా నోరు తెరిచి
ఆగాను.

సంచి దించాను.
ఫ్యాను ఆపాను.
పక్క గదిలో ఏడో ఎక్కం అయిపోయేదాకా నిలబడ్డాను.
పెదాలు మూసి, తుమ్మెదంత "మ్".

"టీచర్ చిన్నగా పాడతన్నాది" అని
వెనక బల్ల ముందుకి జరిగింది.

పై షడ్జం ఇంకా రాలేదు.
అది ఉండాల్సిన చోట ఒక గాలి చార.
రానీ, తొందరేముంది,
వీధి మలుపులో
దాన్నెవరో పట్టుకునే ఉన్నారు.